ముగింపు తెలిసినా ఎందుకు చదువుతారు?

ప్రేమ నవల చేతిలోకి తీసుకున్నావిడకు ఎవరు ఎవర్ని పెళ్లాడతారో మొదటి ఇరవై పేజీల్లోనే తెలిసిపోతుంది. డిటెక్టివ్ నవల మొదలుపెట్టిన ఆయనకు హంతకుడు దొరక్కుండా పుస్తకం అయిపోదని తెలుసు. మధుబాబు రాసిన షాడో ఎంత పెద్ద ముఠా చేతికి చిక్కినా చావడనీ, చస్తే తర్వాతి నవల ఉండదనీ పదో తరగతి కుర్రాడికి కూడా తెలుసు. తెలిసే చదివారు. కొని చదివారు, అద్దెకు తెచ్చుకుని చదివారు, వారపత్రికల్లోంచి పేజీలు చింపి బైండు చేయించుకుని మళ్లీ మళ్లీ చదివారు. ఇప్పుడు ఫోన్లో చదువుతున్నారు.

ఈ పాఠకులకు అసలేం కావాలి అన్న ప్రశ్న తెలుగులో అరవై ఏళ్లుగా నలుగుతోంది. జవాబులకు కొదవ లేదు. కాకపోతే వాటిలో చాలావరకు పాఠకుల్ని అడగకుండా వాళ్ల తరఫున ఇచ్చేసినవే. ఆ జవాబుల్ని వరసగా పెట్టి, నవలల పక్కన నిలబెట్టి చూస్తే ఏది నిలుస్తుంది, ఏది పడిపోతుంది?

మూడు పాత జవాబులు

మొదటిది అమ్మేవాళ్ల జవాబు: కాలక్షేపం. పత్రికాధిపతులు, పాకెట్ పుస్తకాల ప్రచురణకర్తలు దాదాపు అందరూ ఈ మాటే అన్నారు. చవగ్గా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, ప్రయాణంలో పూర్తవ్వాలి. ఎమెస్కో వాళ్లు ‘ఇంటింటా గ్రంథాలయం’ పేరుతో మధ్యతరగతి ఇళ్లలోకి నవలల్ని పంపినప్పుడు ధర, సైజు, సులువు అనే మూడు సూత్రాలూ పనిచేశాయి. అబద్ధమేమీ కాదు. అయితే కాలక్షేపానికి పేకాట ఉంది, రేడియో ఉంది, సినిమా ఉంది. ఒక రచయిత్రి సీరియల్ కోసం పత్రిక వచ్చే రోజు కనిపెట్టుకుని, ఇంట్లో ఎవరు ముందు చదవాలో వంతులేసుకునేంత పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ జవాబు చెప్పలేదు. ఊరికే పొద్దుపోవడానికైతే ఏ నవలైనా సరిపోవాలి. పాఠకులు ఏ నవలతోనూ సరిపెట్టుకోలేదు, పేరు పెట్టి అడిగారు.

రెండోది విమర్శకుల జవాబు: మత్తు. ఆరడుగుల అందగాడు, పడవలాంటి కారు, మేడ, ఆ మేడలోకి అడుగుపెట్టే బీద పిల్ల. ఈ చట్రం మీద తెలుగులో పడ్డన్ని వెటకారాలు మరే సాహిత్యరూపం మీదా పడలేదు. వామపక్ష విమర్శకులు ఇవి బతుకు కష్టాన్ని కప్పిపెడుతున్నాయన్నారు. స్త్రీవాదులు, ఆడదాని కష్టాలన్నీ డబ్బున్నవాణ్ణి కట్టుకోవడంతో తీరిపోతాయని ఇవి నూరిపోస్తున్నాయన్నారు. మంత్రతంత్రాల నవలలు వచ్చాక ‘క్షుద్ర సాహిత్యం’ అనే ముద్ర కూడా తోడైంది. ఈ విమర్శలో బలముంది. డబ్బు ఎలా వచ్చిందని అడగని నవల, డబ్బుతో అన్నీ తీర్చేస్తుందన్న సంగతిని పట్టుకున్నది వీళ్లే. లోపం ఒక్కటే: చదివినదాన్నల్లా పాఠకురాలు నమ్మేస్తుందని అనుకోవడం.

యద్దనపూడి సులోచనారాణి సీరియల్ చదివినవాళ్లే రంగనాయకమ్మనూ చదివారు. ‘స్వీట్‌హోమ్’లో విమల, బుచ్చిబాబుల సంసారాన్ని చూసి నవ్వుకున్నవాళ్లే ‘పేకమేడలు’లో కాపురం మనిషిని ఎలా నలిపేస్తుందో చదివి నిద్రపట్టక దొర్లారు. బ్రాహ్మణ వితంతువుకూ దళిత యువకుడికీ పెళ్లి చేసి, ఆ పెళ్లి నిలవడం ఎంత కష్టమో చూపించిన ‘బలిపీఠం’ కూడా ఆ పాఠకుల మధ్యే తిరిగింది. 1975లో సినిమాగానూ వచ్చింది. మత్తు కోసమే చదివేవాళ్లయితే మత్తు దించే పుస్తకాన్ని అదే చేత్తో ఎందుకు పట్టుకుంటారు?

మూడోది పరిశోధకుల జవాబు. అమెరికాలో జానిస్ రాడ్వే అనే ఆచార్యురాలు 1984లో ఒక పుస్తకం ప్రచురించింది. ఒక చిన్న ఊళ్లో ఒకే పుస్తకాల షాపుకు వచ్చే సుమారు నలభై మంది ప్రేమ నవలల పాఠకురాళ్లను కూర్చోబెట్టి అడిగిన ఫలితం అది. ఇంట్లో అందరికీ వండివార్చే మనిషికి, ఎవరూ వచ్చి ఏదీ అడగని గంట దొరకడమే ఈ చదువులోని మొదటి సుఖమని అందులో తేలింది. హీరోయిన్‌కు తెలివి ఉండాలి, హీరో పైకి మొరటుగా కనబడ్డా లోపల కనిపెట్టి చూసుకునేవాడై ఉండాలి, బలాత్కారం ఉండకూడదు, ముగింపు ఏడిపించకూడదు అని వాళ్లు ఖరాఖండిగా చెప్పారు. ఆ ఊరి లెక్క తెలుగు ఇంటికి అచ్చంగా అతకదు. కానీ పద్ధతి అతుకుతుంది. వాళ్లను అడిగినట్టు మన పాఠకుల్ని పెద్దగా ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు కాబట్టి, మన నవలల్నీ, వాటిని చదివిన తీరునూ సాక్ష్యంగా తీసుకోవాలి.

పెళ్లి కన్నా ముందు పరువు

తెలుగు ప్రేమ నవల ఒక్కసారిగా ఊడిపడలేదు. శరత్ నవలల్ని చక్రపాణి లాంటివాళ్లు తెలుగు చేశాక, శరత్‌ను బెంగాలీ రచయిత అనుకోవడమే చాలా ఇళ్లలో మానేశారు. మాట పెగలని ప్రేమ, అభిమానం చంపుకోలేని ఆడపిల్ల అక్కణ్ణుంచే వచ్చారు. తర్వాత కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ వచ్చింది. దాన్ని 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా తీశారు. ఆమెదే ‘ప్రేమ్‌నగర్’ 1971లో తెరకెక్కింది. అదే కాలంలో కృష్ణా జిల్లా కాజ గ్రామం నుంచి వచ్చిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’, ‘జీవన తరంగాలు’, ‘మీనా’, ‘అగ్నిపూలు’, ‘విజేత’ లాంటి నవలలతో మూడు తరాల పాఠకుల్ని కూడగట్టుకున్నారు. 1973లో ‘జీవన తరంగాలు’, ‘మీనా’ రెండూ సినిమాలయ్యాయి, 1976లో ‘సెక్రటరీ’. ఆమె 2018లో అమెరికాలో కన్నుమూసినప్పుడు తల్లులూ కూతుళ్లూ ఒకే రచయిత్రి గురించి మాట్లాడుకున్నారు.

‘సెక్రటరీ’ని దగ్గరగా చూద్దాం. జయంతి బామ్మతో ఉండే మధ్యతరగతి పిల్ల. రాజశేఖరం డబ్బున్నవాడు, అందగాడు, ఊళ్లో ఆడవాళ్ల నోళ్లలో నానేవాడు. ఆమె అతని దగ్గర సెక్రటరీగా చేరుతుంది. చివరికి వాళ్లిద్దరూ ఒకటవుతారని అందరికీ తెలుసు. ఇక పేజీలు దేనికి ఖర్చయ్యాయో చూడండి. కౌగిళ్లకు కాదు. అతను ఇచ్చింది జీతమా, దయా? అతని మాటలో ఉన్నది చొరవా, చులకనా? లోకం అంటున్న మాట నిజమైతే తను ఆ ఆఫీసులో ఉండొచ్చా? ఈ ప్రశ్నలకే పోయాయి. జయంతి అభిమానం దెబ్బతిన్న ప్రతిచోటా కథ ఆగి, అతను ఆ దెబ్బకు జవాబు చెప్పుకునేదాకా ముందుకు కదలదు.

దీన్ని అప్పటి పెళ్లిచూపుల పక్కన పెట్టి చూడాలి. పెళ్లిచూపుల్లో పరీక్ష పిల్లకే. నడవమంటారు, పాడమంటారు, జడ చూస్తారు, కట్నం దగ్గర బేరమాడతారు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది గాని బేరం ఆగలేదు. నవలలో ఆ పరీక్ష తిరగబడుతుంది. రెండు వందల పేజీల పాటు పరీక్షకు నిలబడేది అబ్బాయి. అతని కోపం, ఓపిక, మాట తీరు, నౌకర్లతో ప్రవర్తన, అన్నిటికీ మార్కులు పడతాయి. వేసేది జయంతి, ఆమె భుజం మీదుగా చూస్తున్న పాఠకురాలు. మేడా కారూ ఎందుకంటే, ఎవరి చూపు కింద అందరూ తలవంచుతారో అలాంటివాడే తల వంచి ఈ పిల్ల విలువ ఒప్పుకోవాలి. పేదవాడు గౌరవిస్తే అది అతని మంచితనం. ఉన్నవాడు గౌరవిస్తే అది తన విలువకు లోకం ఇచ్చిన రుజువు. విమర్శకులు డబ్బు మీద ఆశ అనుకున్నది నిజానికి చాలావరకు గుర్తింపు మీద ఆశ. డబ్బు మీద ఆశ అసలు లేదని కాదు, దానికి రెండో చోటు.

ఉద్యోగానికి కూడా ఇక్కడ పనుంది. టైపిస్టులుగా, టీచర్లుగా, టెలిఫోన్ ఆపరేటర్లుగా ఆడపిల్లలు అప్పుడప్పుడే ఇళ్లు దాటుతున్నారు. పెద్దలు తీసుకొచ్చి కూర్చోబెట్టకుండా, ఒక మగవాణ్ణి రోజూ చూసి, తూచి, నచ్చకపోతే రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి వచ్చే వీలు నవలలో ఆఫీసే ఇచ్చింది. పాఠకురాళ్లలో చాలామందికి ఆ వీలు లేదు. ఉన్నట్టు ఊహించుకోవడంలో మత్తు కొంత ఉండొచ్చు, కొలమానం కూడా ఉంది. మనిషిని ఎలా తూచాలో అక్కడ నేర్చుకున్నవాళ్లు ఇంట్లో మగాళ్లను కూడా ఆ తక్కెడలోనే వేసి చూశారు.

ఏడిపించినా ఒప్పుకున్నారు

ప్రేమ నవలకు సుఖాంతం తప్పనిసరి అని పాశ్చాత్య ప్రచురణకర్తలు నియమంగా పెట్టుకున్నారు. లండన్‌లో 1908లో మొదలైన మిల్స్ అండ్ బూన్ సంస్థ ఈ నియమం మీదే బతికింది. తెలుగు పాఠకులు ఈ నియమానికి పూర్తిగా కట్టుబడలేదు. దేవదాసును మనవాళ్లు ఎంతగా సొంతం చేసుకున్నారో చెప్పనక్కర్లేదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘వెన్నెల్లో ఆడపిల్ల’ ఇంకా మంచి ఉదాహరణ. చదరంగం ఆటగాడు రేవంత్‌కు ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. పేరు చెప్పదు, ఊరు చెప్పదు, చిక్కుప్రశ్నలు వేసి తనను కనుక్కోమంటుంది. కనుక్కునేసరికి ఆమె ఉండదు. కన్నడంలో 1995లో ‘బెళదింగళ బాలె’ పేరుతో సినిమాగా కూడా వచ్చిన ఈ కథను, ఇంత విషాదంగా ముగిసినా, పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు.

మరి పాఠకులకు సుఖాంతమే కావాలన్న సూత్రం ఏమైనట్టు? ఈ నవలలో అమ్మాయి చనిపోతుంది గాని చిన్నబోదు. ఆట ఆమె చేతిలోనే మొదలై ఆమె చేతిలోనే ముగుస్తుంది. జాలి వద్దనుకుంది కాబట్టి దాక్కుంది. ఎందుకు దాక్కుందో తెలిసిన క్షణాన వెనకటి పేజీలన్నీ కొత్త అర్థంతో మళ్లీ వెలుగుతాయి. అంటే విషాదం ఆకాశం నుంచి పడలేదు, మొదటి ఫోన్ నుంచే రచయిత దానికి దారి వేస్తూ వచ్చాడు. పాఠకులు క్షమించనిది చావును కాదు, మోసాన్ని. మూడు వందల పేజీలు అభిమానవతిగా నిలబెట్టిన మనిషిని చివరి అధ్యాయంలో ఏ కారణమూ లేకుండా కాళ్ల మీద పడేస్తే, పెళ్లిమేళం మోగినా ఆ పుస్తకాన్ని విసిరికొడతారు.

డిటెక్టివ్, షాడో, కాష్మోరా

ఈ నిజాయితీ లెక్కను బాహాటంగా ఒప్పుకున్నది డిటెక్టివ్ సాహిత్యమే. 1929లో రోనల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత అపరాధ పరిశోధన కథలకు పది నియమాలు రాశాడు. సారాంశం ఒక్కటే: డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడి కంటా పడాలి. తెలుగులో ఈ తరహా, బెంగాలీ అనువాదాలతో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే కాలు పెట్టింది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు వచ్చాక ఇంటింటికీ చేరింది.

అయితే యుగంధర్ పాఠకులందరూ పజిల్ విప్పడానికే చదివారనుకుంటే పొరపాటు. పోలీసు స్టేషన్ మెట్లెక్కాలంటే జంకే సమాజం మనది. కబురు పెడితే వచ్చేవాడు, చెప్పిందంతా ఓపిగ్గా వినేవాడు, డబ్బున్న ఇంట్లోనైనా నిజాన్ని నిజంగానే చెప్పి, కేసు తేల్చి వెళ్లేవాడు ఎక్కడ దొరుకుతాడు? పుస్తకంలో దొరుకుతాడు. ప్రేమ నవలలో హీరో నాయిక మాటకు విలువిచ్చినట్టే, ఇక్కడ డిటెక్టివ్ బాధితుడి మాటకు విలువిస్తాడు. రెండు రకాల పుస్తకాలూ ఒకే ఇంట్లో, ఒకే గూట్లో ఉండడం కాకతాళీయం కాదు.

షాడోది ఇంకో దారి. అక్కడ ఆధారాల లెక్క తక్కువ, పరుగెక్కువ. కానీ మధుబాబు పాఠకుణ్ణి కదిలించి అడగండి, కథలు కలగాపులగంగా చెప్పొచ్చు గాని మనుషుల్ని మాత్రం తడుముకోకుండా చెబుతాడు: కులకర్ణి, శ్రీకర్, ముఖేష్, గంగారాం, బిందు. నవల తర్వాత నవల చదవడమంటే తెలిసినవాళ్లింటికి మళ్లీ వెళ్లడమే. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’ సీరియళ్లను చిత్రా బొమ్మలతో నెలనెలా చదివి పెరిగిన పిల్లలకు ఈ అలవాటు ముందే పడింది. మాంత్రికుడు ఓడిపోతాడని తెలుసు, ఎలా ఓడిపోతాడో తెలుసుకోవడానికి నెల ఆగడం కూడా తెలుసు.

1980ల మొదట్లో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో వచ్చిన యండమూరి ‘తులసిదళం’ ఈ లెక్కలన్నిటినీ ఒక కుదుపు కుదిపింది. ఒక చిన్నపిల్ల మీద కాష్మోరా అనే చేతబడి ప్రయోగం. ఆమెను కాపాడటానికి ఒకవైపు మంత్రం తెలిసినవాళ్లు, మరోవైపు వైద్యం, హిప్నాటిజం తెలిసినవాళ్లు పరుగులు పెడతారు. హేతువాదులు ఇది మూఢనమ్మకాలకు ఎరువేస్తోందని మండిపడ్డారు. ఆ కోపంలో అర్థం లేకపోలేదు, చేతబడి పేరుతో మనుషుల్ని కొట్టి చంపే ఊళ్లున్న రాష్ట్రం ఇది. నవల మాత్రం తెలివిగా రెండు దారులూ చివరిదాకా తెరిచే ఉంచింది. దేవుడి గదిలో దీపం పెట్టి సైన్సు కాలేజీకి వెళ్లే మధ్యతరగతికి తన లోపలి తగువే అక్కడ కథగా కనబడింది. ఏది నమ్మాలో రచయిత చెప్పకుండా తనకే వదిలేయడాన్ని పాఠకుడు మర్యాదగానే తీసుకున్నాడు.

దీంతోపాటు తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా ఉన్న ఇంకో ఆకలిని యండమూరి, మల్లాది వెంకట కృష్ణమూర్తి కనిపెట్టారు: నాలుగు కొత్త సంగతులు తెలియాలి. చదరంగం ఎత్తులు, మనోవిజ్ఞానం, వ్యాపార లావాదేవీలు, నేరగాళ్ల పద్ధతులు, ఇవన్నీ కథలో కలిసి వచ్చేసరికి ‘టైం వేస్టు’ అనే పెద్దవాళ్ల నోరు మూతపడింది. నవలలు చదివిన ఆ పాఠకులే తర్వాత యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ను అంత పెద్ద ఎత్తున కొన్నారు. చదువంటే పైకి రావడానికి మెట్టు అని నమ్మే సమాజంలో కాలక్షేపం కూడా కాస్త పాఠంలా ఉండాల్సిందే.

అద్దె షాపు సాక్ష్యం

పాఠకులేం కోరుకున్నారో అందరికన్నా బాగా తెలిసినవాడు అద్దె పుస్తకాల షాపాయన. చిన్న గది, మూడువైపులా అరలు, గుమ్మం దగ్గర బల్ల, బల్ల మీద పొడుగాటి రిజిస్టరు. డిపాజిట్ కట్టి పేరు రాయించుకుంటే రోజుకింతని అద్దె. పుస్తకాలు రచయిత పేరు మీద సర్ది ఉండేవి. వచ్చినవాళ్లు అలాగే అడిగేవారు కాబట్టి. ‘కొత్త యద్దనపూడి వచ్చిందా’, ‘చదవని షాడో ఇవ్వండి’, ‘ఏడుపు లేనిది ఏదైనా ఉందా అన్నయ్యా’. ఒక్కో అడగడంలో ఒక్కో విమర్శ సూత్రం ఉంది. మొదటివారికి గొంతు కావాలి, రెండోవారికి పాత స్నేహితులు కావాలి, మూడోవారికి ఇవాళ్టి మనసుకు సరిపోయేది కావాలి.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం బైండు చేసిన సీరియళ్లు. వారంవారం పేజీలు జాగ్రత్తగా చింపి, వరస తప్పకుండా పేర్చి, అట్ట వేయించి, వీపు మీద పేరు రాయించి దాచుకున్నారు. ఆ పుటల వెనకవైపు సగం వంటకం, సగం వారఫలాలు, తలనూనె ప్రకటన. మధ్యలో ఒక వారం పత్రిక దొరక్కపోతే ఆ భాగాన్ని పక్కింటివాళ్ల దగ్గర తెచ్చి నోటుబుక్కు కాగితం మీద చేత్తో రాసి కుట్టినవాళ్లూ ఉన్నారు. తర్వాతేం జరుగుతుందోనన్న ఉత్కంఠ కోసమే చదివేవాళ్లయితే, జరిగిందంతా తెలిశాక ఇంత శ్రమ ఎందుకు? మళ్లీ చదవడానికి. తెలిసిన మలుపు దగ్గరికి నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి, జయంతి రాజశేఖరానికి జవాబు చెప్పే చోట ఇంకోసారి నిలబడటానికి. తెలిసిన రాగాన్ని మళ్లీ వినడంలో ఉండే సుఖమే ఇది, పల్లవి తెలుసని కచేరీ ఎవరూ మానుకోరు. ఉత్కంఠ ఒక్కటే ఈ సాహిత్యానికి ప్రాణమన్న వాదం ఈ బైండు పుస్తకాల ముందు నిలవదు.

ఈ లెక్కలో లేనివాళ్లు

ఇంతవరకూ ‘పాఠకులు’ అంటూ వచ్చిన మాటకు ఒక హద్దు గీయాలి. 1971 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరం వచ్చిన ఆడవాళ్లు సుమారు ఆరుగురిలో ఒకరు. వారపత్రిక కొనగలిగినవాళ్లు, మధ్యాహ్నం గంటసేపు నడుం వాల్చగలిగినవాళ్లు అందులోనూ కొంతమందే. నవలలు వాళ్ల ఇళ్లనే చూపించాయి. నాయికానాయకులు మాట్లాడింది కోస్తా జిల్లాల చదువుకున్న ఇళ్ల భాష. తెలంగాణ మాట, సీమ మాట, ఉత్తరాంధ్ర మాట వినబడితే అది చాలాసార్లు నౌకరు నోటనో, నవ్వించే పాత్ర నోటనో. పొలంలో కలుపు తీసే పిల్ల, బీడీలు చుట్టే పిల్ల ప్రేమ నవలకు నాయిక కావడం అరుదు. ‘బలిపీఠం’ లాంటివి మినహాయింపులే. కాబట్టి ‘తెలుగు పాఠకురాలికి ఇది కావాలి’ అన్న ప్రతి తీర్మానం వెనక ‘ఆ కొద్దిమందికి’ అన్న మాట చేర్చుకుని చదువుకోవాలి.

మగ పాఠకుల సంగతి కూడా ఇంతే. యద్దనపూడిని మగవాళ్లు చదవలేదనుకోవడం మర్యాద కోసం చెప్పుకున్న అబద్ధం. భార్య కోసమనో చెల్లి కోసమనో తెచ్చి, ముందు తాము చదివి ఇచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. ఆడపేర్లతో మగవాళ్లు రాసిన కాలం అది, రాసేవాళ్లకు తెలిసిన గిరాకీ చదివేవాళ్లకు తెలియకుండా ఉంటుందా? గౌరవించడం చేతనైన మగవాడు ఎలా ఉంటాడో తెలుసుకోవాలన్న కుతూహలం వాళ్లలోనూ ఉందేమో, ఎవరూ అడగలేదు.

ఫోన్లోకి వచ్చిన రాజశేఖరం

1995లో ఈటీవీ, జెమిని వచ్చాక మధ్యాహ్నం గంట టీవీకి పోయింది. అద్దె షాపులు ఒక్కొక్కటే జిరాక్సు షాపులయ్యాయి. నవల చచ్చిపోయిందన్నారు. చచ్చిందో లేదో గాని టీవీ సీరియల్ ఆ లోటును పూడ్చలేకపోయింది. నవల ఎక్కడో ఒకచోట ముగుస్తుంది. టీవీ సీరియల్ ముగియకపోవడమే దానికి లాభం. అక్కడ నాయిక పడ్డ అవమానానికి జవాబు రేపటికి, ఎల్లుండికి, వచ్చే ఏడాదికి వాయిదా పడుతూ ఉంటుంది.

ఆ తర్వాత ప్రతిలిపి లాంటి యాప్‌లు వచ్చాయి, వినిపించే కథల యాప్‌లు వచ్చాయి. తెరిచి చూస్తే పాత మనుషులే కొత్త బట్టల్లో కనబడతారు. రాజశేఖరం ఇప్పుడు సీఈవో. పడవలాంటి కారు బ్రాండు మారింది. ఒప్పందం పెళ్లి, బలవంతపు కాపురంలో మెల్లగా పుట్టే ప్రేమ, విడిపోయి ఐదేళ్ల తర్వాత కలిసే జంట, ఈ చట్రాలు రోజుకు కొన్ని పుడుతున్నాయి. సినిమా కూడా ఈ గనిని వదల్లేదు. ‘మీనా’ కథే 2016లో ‘అ ఆ’గా మళ్లీ తెర మీదికొచ్చింది. రాసేవాళ్లలో గృహిణులు, నర్సులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగినులు ఉన్నారు. పాఠకురాలే రచయిత్రి అయిన కాలం ఇది.

మార్పులూ ఉన్నాయి. ఒకప్పుడు హీరో చెంపదెబ్బ ప్రేమకు గుర్తుగా చెల్లిపోయింది, ఇప్పుడు ఆ దెబ్బకు సంజాయిషీ చెప్పకపోతే కథ ముందుకు పోవడం కష్టం. ఉద్యోగం పెళ్లయ్యేదాకా ఉండే వేషం కాదు, పెళ్లి తర్వాత కూడా ఉండాల్సిన బతుకు. విడాకులు తీసుకున్న ఆడది, పిల్లలున్న ఆడది నాయికలవుతున్నారు. పక్కనే ఒక పాత జబ్బు కొత్తగా ముదిరింది: భాగానికింతని డబ్బు కాబట్టి కథ వందల భాగాలు సాగుతుంది. నాలుగు మాటల్లో తీరే అపార్థం నలభై భాగాలు నడుస్తుంది. ఇది పాఠకులడిగింది కాదు, వ్యాపారం అడిగింది. అయినా నింద పాఠకుల రుచి మీదే పడుతోంది. వారపత్రికల కాలంలోనూ ఈ తప్పే జరిగింది, అమ్మేవాడి అవసరాన్ని చదివేవాళ్ల కోరికగా లెక్కగట్టారు.

తేలిందేమిటి

పై సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే పాఠకులు అడిగేవి నాలుగు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. మలుపు ఏదైనా దానికి ముందునుంచీ దారి వేసి ఉండాలి. ఇష్టమైన మనుషులు మళ్లీ దొరకాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, తమలాంటి మనిషి మాటకు కథలోనైనా విలువ దక్కాలి. ‘కాలక్షేపం’ అన్నవాళ్లు ఈ నాలుగింటినీ పట్టించుకోలేదు. ‘మత్తు’ అన్నవాళ్లు నాలుగోదాన్ని చూసి డబ్బాశ అనుకున్నారు. ‘సొంత సమయం’ అన్నవాళ్లు చదివే గంటను బాగా పట్టుకున్నారు గాని, ఆ గంటలో ఏ పుస్తకం చదవాలో పాఠకురాలు ఎంత కచ్చితంగా ఎంచుకుంటుందో చెప్పడానికి ఆ జవాబు ఒక్కటే చాలదు.

కాబట్టి ఈ నవలల్ని బేరీజు వేయడానికి ‘ఇది జీవితంలో జరుగుతుందా’ అన్న ప్రశ్న పనికిరాదు, జరగదని పాఠకులకు మనకన్నా బాగా తెలుసు. ఈ పుస్తకం ఎవరికి, ఏమని మాట ఇచ్చింది, నిలబెట్టుకుందా అని అడగాలి. అలా అడిగితే ‘సెక్రటరీ’ బలం తెలుస్తుంది, దాన్ని అనుకరించి చెల్లిపోయిన వందల నవలల డొల్లతనమూ తెలుస్తుంది. మేడ, కారు ఎవరైనా రాయగలరు. ఆ మేడ యజమాని చేత తన తప్పు ఒప్పించే పిల్లను రాయడమే కష్టం.

ఇది తేల్చడానికి కావాల్సిన సరుకు మన కళ్ల ముందే పాడైపోతోంది. అద్దె షాపుల రిజిస్టర్లు చిత్తుకాగితాల్లోకి పోతున్నాయి, బైండు సీరియళ్లను ఇల్లు మారినప్పుడల్లా కిలోల లెక్కన అమ్మేస్తున్నారు, వాటిని కుట్టించినవాళ్లకు డెబ్బై, ఎనభై ఏళ్లు వచ్చాయి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో ఏటా రచయితల మీద సిద్ధాంత వ్యాసాలు వస్తూనే ఉంటాయి. వాటిలో కొన్నయినా పాఠకుల దగ్గరికి వెళ్లాలి. అంతకన్నా పెద్ద పని రచయితలది. ఈ సాహిత్యం ఇంతకాలం మాట ఇచ్చింది కొద్ది ఇళ్లకే. ఇప్పుడు బీడీలు చుట్టిన తల్లి కూతురి చేతిలోనూ ఫోనుంది, ఆమె కూడా రాత్రి పది దాటాక కథ తెరుస్తోంది. ఆమె భాషలో, ఆమె ఊళ్లో, ఆమె పరువుకు తగ్గ ప్రేమకథ ఇంకా సరిపడా రాలేదు. గిరాకీ ఉంది, రాయాల్సింది మిగిలింది.